అబ్బులు గారి ఖాతా

ఏప్రిల్ నెలాఖరు. కాలవలు కట్టేశారు.
లొల్ల లాకుల దగ్గర అడుగు బురద నెర్రెలిచ్చింది,
మిగిలిన మడుగులో కొంగలు దేవుతున్నాయి.
కిటికీకి ఇవతల, ఫ్యాను కింద,
నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి
ఆరుతూ వెలుగుతూ నా మాట కోసం చూస్తోంది.

ఈఈ గారి కాగితం: రిటైరైనవాళ్ల పేర్లు
సాయంత్రంలోగా తీసెయ్యాలి.
ఐదుగురు. నలుగురివి టీ చల్లారేలోగా అయిపోయాయి.
ఐదోది గెడ్డం అబ్బులు, లస్కరు.

ముప్పయ్యారేళ్లు లాకు తలుపుల చక్రం తిప్పిన చేతులు.
కీబోర్డు మీద ఒక్క వేలే వాడేవారు,
అదీ మేకు దిగ్గొట్టినట్టు.
పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కైనా పడదని
మొదటిరోజు గాభరాపడ్డారు.
"ఎక్కట్లేదండీ అమ్మాయిగారూ!"
ఎక్కుతోందండీ, కనపడదంతే, అన్నాను.
"ఆయ్. తలుపు కింద నీళ్లలాగన్నమాట."

ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టేవారు.
వారంలో ఆఫీసంతటికీ తెలిసిపోయింది,
టీ తెచ్చే కుర్రాడితో సహా.
మార్పించాను. మళ్లీ పైకే చదివారు.
తొంభై రోజులకోసారి గడువు పెట్టాను.
కొత్తదీ అంతే, ప్రార్థనలో వాక్యం చదివినట్టు.
ఆఖరిసారి మాత్రం, పని దిగిపోయే ముందు వారం,
పెదవి కదపలేదు.
అదేమిటో ఎవరికీ తెలీదు.
ఇక్కడ రూట్‌ని నేనే, అయినా
మార్చగలను గాని చదవలేను.

తీసెయ్యమని కొట్టాను. ఎంటర్ నొక్కలేదు.
ముందోసారి ఆయన ఫైళ్లు చూద్దామనిపించింది.
పొద్దున ఆరు, సాయంత్రం ఆరు, ఎగువ మట్టం, దిగువ మట్టం.
జూలై వరదలో ఒక రాత్రి గంటగంటకీ
ఒంటిగంట, రెండు, మూడు,
మూడున్నరకి ఇంకోటి, ఎవరూ అడక్కుండానే.
రిమార్కుల గడిలో:
గట్టు మీద పాములు. వాన. ఉన్నాను.

పేరు తీసేసినా ఇవి పోవు.
కాని ఎవరివి అన్నచోట
వెయ్యిన్ని ఏడు అని ఉత్త అంకె మిగులుతుంది.
రేపు కొత్తగా చేరేవాడికి ఆ అంకె దొరికిందంటే
ఆ రాత్రి వాడిదైపోతుంది.

వాక్యం చెరిపేసి ఇంకోటి కొట్టాను.
లాకు పడింది.
ఏముంది, ఆయన రహస్యానికి ముందు
యంత్రం ఒక ఆశ్చర్యార్థకం పెట్టి ఊరుకుంది.
ఇక ఆయన లోపలికి రాలేరు.
పైకి చదవని ఆ మాట మాత్రం లోపలే ఉంది,
ఎలా పెట్టింది అలాగే.
కాగితం మీద "పూర్తయినది" అని రాసి పంపాను.

జూన్‌లో నీళ్లొదిలిన రోజు సైకిలేసుకొచ్చారు.
కొత్త లస్కరు చక్రంతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి
"ఎడమది పట్టేస్తదయ్యా, ముందు కాస్త వెనక్కి తిప్పు" అని,
కిటికీ దగ్గరకొచ్చి,
"నా పేరుందాండీ అందులో ఇంకా?"
ఉందండీ. లాకేశాను.
"మరి దానికి లస్కరెవరండీ?"

నీళ్ల హోరులో ఏదో అన్నాను.
వినపడిందో లేదో,
ఆయ్, అన్నారు.