ఆమె దిగలేదు

గోడల్లోకి నడవడం నా ఉద్యోగం.
పొద్దున్నే కాఫీ తాగి, కంట్రోలర్ చేతిలోకి తీసుకుని
తెరమీది మనిషిని ప్రతి గోడకీ గుద్దిస్తాను.
గోడ ఆపితే సరే.
మనిషి గోడలో కూరుకుపోతే
నంబరు వేసి రాసిపెడతాను.

ఔలు ఊళ్ళో, తుయిరా వంతెన దాటాక,
సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద మా ఆఫీసు.
నవంబరులో మూడింటికే చీకటి.
పద్దెనిమిదేళ్ళుగా కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నాను,
జీతం తీసుకుని మరీ.
నవ్వకండి.
ఈకలు లేని గుడ్డు ఇంతవరకూ నా చేతికి రాలేదు.

అక్క కొడుకు జల్మరి అడిగాడొకసారి
ఆవిరిగదిలో చెమటలు కక్కుతూ,
"ఒక్క తప్పూ లేని ఆట ఉందా పిన్నీ?"
ఉంది.
నాలుగు గీతలు గీసి తొమ్మిది గళ్ళలో
సున్నాలూ ఇంటూలూ పెట్టే ఆట.
అందులో ఎక్కడా ఏ గోడా కూలదు.
తెలిసినవాళ్ళిద్దరు కూర్చుంటే
ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు.
"అది నేను ఆరేళ్ళకే మానేశాను" అన్నాడు వాడు,
కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ.

వాడికి చెప్పనిది మా పడవ ఆట సంగతి.
సరస్సుకు ఈ ఒడ్డు, ఆ ఒడ్డు.
ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు,
పడవ నువ్వు నడుపుతావు.
అంతే ఆట.
విడుదలకి పదకొండు రోజుల ముందు,
రాత్రి, ఆఫీసులో నేనొక్కదాన్నే.
పడవ ఒడ్డు చేరింది.
బుట్ట పట్టుకున్న ముసలామె
దిగలేదు.

నాతో వెనక్కి వచ్చింది.
తిరుగు ప్రయాణానికి ఆమెకు మేం మాటలేమీ రాయలేదు.
అందుకని ఊరికే కూర్చుంది,
నీళ్ళవైపు తిరిగి.

రాశాను. నంబరు 1173.
జరగాల్సింది: దిగాలి.
జరిగింది: దిగలేదు.
మళ్ళీ జరిపించే పద్ధతి: తెలియదు.
పిర్కా కిందే జవాబు రాశాడు,
"నా దగ్గర బుద్ధిగా దిగుతోందే!"

ఆట బయటికి వెళ్ళింది. ఉత్తరాలు వచ్చాయి.
ఆమె కనిపించాలంటే ఏం చెయ్యాలని కొందరు,
బుట్టలో ఏముందని కొందరు.
ఏమీ లేదు. మూత తెరుచుకోదు. నేను చూశాను.
కెమి నుంచి, రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే ఒకాయన
రెండే వాక్యాలు రాశాడు.
ఆమె దిగని రోజున పడవ నెమ్మదిగా తిప్పుతాను.
ఒడ్డుకు తగిలితే ఆమెకు కుదుపు కదా.

వసంతంలో పిర్కాకి దొరికింది.
మనుషుల్ని ఒకటి నుంచి లెక్కపెట్టాల్సిన చోట
సున్నా నుంచి లెక్కపెట్టాడట.
పది నిమిషాల పని.
నా జాబితా ఖాళీ అయింది, మొట్టమొదటిసారి.
కేకు తెచ్చారు, మీద క్రీముతో పెద్ద సున్నా.
"పరిపూర్ణం!" అన్నారెవరో.
చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను,
సున్నాలో నా ముక్క నేను తిన్నాను.
తియ్యగానే ఉంది.

ఆ రాత్రి రెండువందల పన్నెండుసార్లు సరస్సు దాటాను.
రెండువందల పన్నెండుసార్లూ ఆమె
లేచి, బుట్ట సర్దుకుని,
"మేలు జరగాలి నీకు" అని
పద్ధతిగా దిగిపోయింది.
తిరిగొచ్చే పడవని ఎంత విసురుగా తిప్పినా
ఎవరికీ ఏమీ కాలేదు.

చూరు నుంచి మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి.
కొత్త పేజీ తెరిచాను. నంబరు 2060.
జరిగింది: దిగిపోతోంది.
జరగాల్సింది:
అక్కడ ఆగాను.
నిలువుగీత ఒకటి వెలుగుతూ ఆరుతూ
నా కోసం చాలాసేపు కాచుకుంది.
ఖాళీగానే పంపేశాను.

పొద్దున చూస్తే పిర్కా మూసేశాడు దాన్ని,
ఇది తప్పు కాదు అని.
మధ్యాహ్నం మళ్ళీ తనే వచ్చి
నా బల్ల పక్కన నిలబడ్డాడు, గొంతు తగ్గించి,
"పోనీ, ఆ బుట్టలో ఏమైనా పెట్టనా?"

వద్దన్నాను.
సాయంత్రంలోగా గుద్దించాల్సిన గోడలు
ఇంకా ఎనిమిదున్నాయి.