ముర్రె ఉన్న చోటు

నవంబరులో పోయింది ముర్రె.
నేల రాయిలా ఉంటే
రెండు రోజులు మంటపెట్టి మెత్తబరిచాడు ఏనార్,
మోకాలి లోతు గుంట కోసం.

ఇప్పుడు మా ఇల్లు గనివాళ్ళది.
కిరునా ఊరికి ఊరే తూర్పుకి జరుగుతోంది,
చర్చితో సహా.
కాగితంలో కిటికీలు లెక్కేశారు, పొయ్యి రాశారు,
పెరట్లో బెర్రీ పొదలకి కూడా ఖరీదు కట్టారు.
కుక్క అనే గడి లేదు.

తవ్వి తీసుకెళ్దామా, అన్నాడు.
వద్దన్నాను.
నిద్రలో కదిలిస్తే దానికి కోపం.

రాత్రి ఒకటిన్నరకి గనిలో పేలుడు.
మంచం అదిరేది.
అది లేచి నేలని అదిలించేది.
ఊరుకోవే, అనేదాన్ని.

కొత్త ఫ్లాటుకి ఆ అదురు అందదు.
ఒకటిన్నరకి మెలకువ మాత్రం వస్తుంది.

ఊరుకోవే, అంటాను.
ఏనార్ అటు తిరిగి పడుకుంటాడు.