రెండో దుప్పి

దోర్నాల సెంటర్ దాటి శ్రీశైలం రోడ్డు ఎక్కే ముందు
ఎడంపక్క రేకుల షెడ్డు నాదే.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా,
బండి చెప్పినంత నిజం మనిషి చెప్పడు.

లారీ రాసుకుంటే దాని రంగు అంటుకుంటుంది.
గుంతలో పడితే రిమ్ము ఒక్కచోటే నొక్కుకుంటుంది.
దుప్పి అయితే
ఫోర్కు వెనక్కి వంగి,
పగిలిన హెడ్‌లైటు అంచున
నాలుగు వెంట్రుకలు, ఇటుకపొడి రంగువి.
ఓనరు టీ తాగి వచ్చేలోపు
వాటిని ఏరి స్పార్కు ప్లగ్గు డబ్బాలో వేస్తాను.
ఎందుకో అడక్కండి.

"కుక్క అడ్డమొచ్చింది పీరన్నా" అంటారు,
ఫారెస్టోళ్ల కేసు భయం.
సరే, కుక్కే అంటాను.
కుక్కలకు కొమ్ములు మొలిచే ఊరు మాది.

కార్తీకం వస్తే నాకు గిరాకీ.
చెప్పుకోడానికి సిగ్గే.
తొమ్మిదికి చెక్‌పోస్టు గేటు పడుతుందని
ఎనిమిదిన్నరకి తుమ్మలబయలు దగ్గరున్నవాడు
మలుపుల్ని మింగుకుంటూ వస్తాడు.
వాన వెలిసిన రాత్రి దుప్పులూ వస్తాయి తారు మీదికి,
వెచ్చగా ఉంటుందనో,
చెట్ల కింద ఇంకా చినుకు ఆగలేదనో.

యలమందది ఎక్స్ఎల్ బండి.
రెండు పాలక్యాన్లు, తెల్లారి ఆరింటికి గేటు తీయగానే
మొదట దూరేది అతనే.
ఆ రోజు దుప్పి కనబడింది, బ్రేకు వేశాడు, ఆగాడు.
అన్నీ సరిగ్గానే చేశాడు.
అది దాటి, అవతల గడ్డిలో నిలబడి వెనక్కి చూసింది.
తననే చూస్తోందనుకున్నాడు.
నవ్వి, మళ్లీ ఎక్సలేటరు తిప్పాడు.

అది చూసింది తన వెనక వచ్చేదాన్ని.

పాలు రోడ్డు వాలున చాలా దూరం పోయాయంట.
చింతల గూడెం ఈదన్న
సొట్టపడ్డ క్యాను భుజాన మోసుకొచ్చి
నా షెడ్డు ముందు దించి కూచున్నాడు.
బీడీ సగం కాలేదాకా మాట్లాడలేదు.
"ముందుది దారిని చూసుద్ది.
ఎనకది ముందుదాన్ని చూసుద్ది.
రోడ్డును చూసేది మందలో ఒక్కటి కూడా లేదు పీరా."

"దుప్పి ఏమైంది?" అన్నాను.
చేత్తో అడివివైపు చూపించాడు, అంతే.
ప్రతి దెబ్బలో సగం నా షెడ్డుకొస్తుంది.
మిగతా సగం కుంటుకుంటూ
ఏ వాగు దగ్గరికి పోతుందో
ఈ పానాలకు తెలీదు.

యలమంద బతికాడు. కుడి మణికట్టు తిరగదు.
మూడు నెలలకు వచ్చి
ఎక్సలేటరు ఎడం చేతికి మార్చమన్నాడు.
క్లచ్చు లేని బండి, మార్చొచ్చు.
కేబులు పొడుగుది ఒంగోలు నుంచి తెప్పించి
రెండు పూటలు కూచుని బిగించాను.
కూలి ఎంతంటే,
పాలు పోయిస్తాలే అన్నాడు.

ట్రయల్‌కని నేనే తీశాను నిన్న సాయంత్రం,
కొర్రప్రోలు దాటి అడివి మొదలయ్యేదాకా.
ఎడం చెయ్యి కొత్తగా, పిల్లాడి చెయ్యిలా తడబడుతోంది.
లైటు అంచులో కదిలింది
ఒక మెడ, ఒక చెవి, చుక్కలు.
దాటింది. నిలబడింది. వెనక్కి చూసింది.

ఇంజను ఆపాను.
సైలెన్సరు చల్లారుతూ టిక్కుమంటోంది.
వెనక పల్సరు మీద ఇద్దరు కుర్రాళ్లు,
"ఏంది పెద్దాయనా, పెట్రోలు అయిపోయిందా?"
ఆగండ్రా అనేలోపే
ఎర్రలైటు మలుపు తిరిగింది.

నేను చెవులు రిక్కించి నిలబడ్డాను.
గిట్టల చప్పుడు కోసమో
దాని తర్వాత వచ్చే చప్పుడు కోసమో.
గడ్డిలో అది ఇంకా అటే చూస్తోంది.
నేనూ అటే చూస్తున్నాను.
బండి హ్యాండిలు మీద
రెండు చేతులూ ఊరికే ఉన్నాయి.