గోడ గీకే పని

గెంట్ నగరంలో, ట్రామ్ మలుపు తిరిగే చోట
మూడో అంతస్తులో
ఓడిలోన్ గోడ గీకుతున్నాడు.
అరవై మూడేళ్ళు. వాన కంటే ముందే
అతని మోకాళ్ళకి వాన తెలుస్తుంది.

ఇంటావిడ యూనాకి ముప్పై ఇంకా నిండలేదు.
ఆమెకి కావలసింది, ఆమె మాటల్లోనే,
"ఏమీ చెయ్యనట్టుండే గోడ."
మామూలుగా రంగు వెయ్యడానికి నాలుగు రోజులు.
ఏమీ చెయ్యనట్టుండాలంటే పదకొండు.

పైపొర బూడిదరంగు.
పన్నెండేళ్ళ కిందట ఇతను వేసిందే.
బూడిదకి కూడా పేర్లుంటాయని అప్పుడే తెలిసింది:
పావురం, పొగమంచు, తడిరాయి.
అప్పటి ఇంటాయన, పళ్ళ డాక్టరు,
రెండు వారాలు ఆలోచించి తడిరాయి కొన్నాడు.
డబ్బా మూత తీస్తే మాత్రం
మూడింటిదీ ఒకటే వాసన.

దాని కింద తెలుపు.
ఉన్నవి తీసేస్తూ పోవడమే అందమన్న రోజులు.
ఒక సోఫా, ఒక దీపం, ఒక మనిషి,
ఆ ఒక్క మనిషీ ఎక్కువేమో అనిపించేంత తెలుపు.
నల్లపిల్లి ఉండేదట. ఎవరికో ఇచ్చేశారట,
వెంట్రుకలు రాలుతున్నాయని.
ఓడిలోన్ ఆ కారణం నమ్మలేదు.

రేకు ఇంకాస్త ఒత్తితే
నల్లగీతల మధ్య ఎరుపు, పసుపు, నీలం గడులు.
ఎవరో కాలేజీ కుర్రాడు
తను చూసొచ్చిన మ్యూజియంని ఇంటికి తెచ్చుకున్నాడు.
లోకాన్నంతా నిలువుగా అడ్డంగా సరిదిద్దొచ్చని
ఒకప్పుడు కొందరు నిజంగా నమ్మారు,
యుద్ధం పక్కవీధిలో ఉన్నప్పుడే నమ్మారు.
ఇక్కడ స్కేలు జారింది.
ఒక నీలం గడి కొద్దిగా కుంటుతోంది.
ఆ పొరలో ఓడిలోన్‌కి నచ్చింది అదొక్కటే.

తర్వాత నారింజ వలయాలు,
వలయంలో వలయం, సిగరెట్ పొగ తాగి తాగి
బెల్లం రంగుకి తిరిగాయి.

తర్వాత కాగితం.
తడిపి, ఆగి, మళ్ళీ తడిపి లాగితే
కొరడా విసిరినట్టు వంపులు తిరిగే తీగలు,
తామరకాడలు, జుట్టు విరబోసుకున్న ఆకులు.
యంత్రాల మీద అలిగి పుట్టిన తీగలట అవి.
పాపం, యంత్రం మీదే అచ్చయ్యాయి.

కాగితం వెనక, వట్టి గచ్చు మీద
పెన్సిల్ రాత.
"పన్నెండు చుట్టలు కావాలి. పదకొండే ఇచ్చారు.
తలుపు వెనక అతుకు. ఎవరూ చూడరు."

ఓడిలోన్ నిచ్చెన మీదే నవ్వాడు.
పేరు లేదు, తేదీ లేదు.
కానీ ఆ చెయ్యి అతనికి తెలుసు,
అలాంటి అతుకులు తనవి
ఈ ఊళ్ళో ఎన్ని తలుపుల వెనక ఉన్నాయో.

యూనా వచ్చింది. ఊపిరి బిగబట్టింది.
"దీన్ని ముట్టుకోవద్దు. చుట్టూ సున్నం వెయ్యండి,
పక్కనించి దీపం పెడదాం."
ఫోను తీసి ఒక మోకాలి మీద కూర్చుంది.
ఎవరూ చూడరు అన్న మాటని
రాత్రి భోజనాల వేళకి
నాలుగు వేలమంది చూశారు.

సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరాడు. వాన పడనే పడింది.
అతని వంటగదిలో తడిరాయి ఒక మూల,
కిటికీ కింద నారింజ, పొయ్యి వెనక నీలం.
నలభై ఏళ్ళ డబ్బాల అడుగులన్నీ అక్కడే.
ఆవిడ పేరు గోడెలీవ.
దేవుడికి ఇష్టమైనది అని వాళ్ళ అర్థం,
నా తెలుగు చెవికి మాత్రం ముందు గోడే వినిపిస్తుంది.

మనవరాలు ఫెమ్కె సూపు తాగుతూ
ఇలాంటి గదికిప్పుడు ఒక పేరుందంది.
మాక్సిమలిజం.
"పేరు పెట్టేశారా," అంది గోడెలీవ,
"అయితే ఇక ఎన్నాళ్ళో ఉండదు."

ఆ తలుపు వెనక, చూరు వైపు,
జానెడు మేర రంగే లేదు.
ఆ ఏడు తెలుపు అయిపోయింది, తర్వాత మర్చిపోయాడు.
తనకి తెలియదనుకుంటాడు ఆయన.
ఆవిడ సరిగ్గా అక్కడే మేకు కొట్టి
చీపురు తగిలిస్తుంది.