నాలుగు గ్రాములు

తుమ్రైత్ దాటినంక రోడ్డు మీద
ఒంటెలే మనకు ఎదురొస్తయి.
ఆ తర్వాత గాలిమరలు.
నా కొలువు వాటి కాళ్ల కింద.
పొద్దు పొడవకముందే స్తంభం చుట్టూ తిరుగుత,
సచ్చిన పిట్టలను ఏరుత.

సిరిసిల్లల తెగిన పోగును
కరెంటు పోయిన చీకట్ల వేలితో పట్టినోణ్ణి,
ఇసుకల ఈక దొరకదా?

ఫారంల గడులున్నయి:
ఏ జాతి, ఏ రెక్క, స్తంభానికి ఎన్ని అడుగులు.
అప్పుడప్పుడు కంపెనీవాళ్లే
సచ్చిన కౌజుపిట్టలను రాత్రి దాచిపోతరు,
నా కండ్లకు పరీక్ష.
ఏడు పెడితే ఐదు దొరికినయి.
రెండు నక్క తిన్నది.
మరి పరీక్ష లేని రాత్రుల్ల నక్క ఎన్ని తిన్నదో
ఆ లెక్క ఆఫీసుల పిల్ల గుణించి రాస్తది.

దీనికి ముందు ఆరేండ్లు రిఫైనరీల.
మంట గొట్టం రాత్రంతా మండేది.
వలస పిట్టలు దాని చుట్టూ తిరిగి తిరిగి రాలేవి.
పొద్దున ఊడ్చి సంచిల పోసేటోళ్లం.
చీపురుకు ఫారం లేదు.
ఒకపారి ఒడ్డుకు నూనె కొట్టుకొస్తే
నీటికాకిని సబ్బుతో కడిగిన.
బొటనవేలు పొడిచి
నా చేతులనే సచ్చింది.

బఖీత్‌కు చెప్పిన ఈ ముచ్చట.
ఈ కొండలల్ల పుట్టినోడు,
కుర్చీ ఏసుకొని దుర్భిణితో ఆకాశం కాస్తడు.
"మరి అక్కడ చావకుండ మిగిలిన పిట్టను
ఏ గడిల రాస్తవ్?" అన్నడు వచ్చీరాని హిందీల.
ఫారం తిరగేసి చూసిన.
వెనక తెల్లగుంది.

నిన్న ఉత్తరం నుంచి గద్ద వచ్చింది,
రెక్క ఊపకుండ.
బఖీత్ వాకీటాకీల ఒక్క మాట అన్నడు.
ఐదో మర, ఆరో మర మెల్లగ నిలబడ్డయి.
సాంచాలు ఆగినప్పటి లెక్క
చెవులల్ల ఒక్కసారే ఖాళీ.
ఎవరింట్ల ఏసీ ఆగిందో లేదో,
మాకైతే ఫోను రాలేదు.
గద్ద మా దిక్కు చూడనన్నా చూడలే.

గబ్బిలాలకు బఖీత్ లేడు. అవి రాత్రి వస్తయి.
ఈ పొద్దు తొమ్మిదో మర కింద ఒకటి.
దెబ్బ లేదు, నెత్తురు లేదు,
నిద్రపోయినట్టు ముడుచుకున్న చెవులు.

బరువు గడి నింపాలె.
వంటగదిల మసాలా తూచే కాంటా తెచ్చి
మధ్యల పెట్టిన. సున్నా.
తీసి మల్ల పెట్టిన. సున్నా.
ఐదు గ్రాముల లోపు దానికి కనపడదట.

గాలి మంచిగుంది. మర తిరుగుతనే ఉంది.
జేబుల యాభై బైసల బిళ్ల దొరికింది.
ముందు బిళ్లను పెట్టిన: ఆరు.
దాని పక్కన గబ్బిలాన్ని పెట్టిన.
పది.

బిళ్లను తీసి జేబులేసుకొని
నాలుగు అని రాసిన.