తుప్పు కంటే ముందు

ఆటోనగర్‌లో మా షెడ్డుకి
రెండేళ్ల నాలుగు నెలలు తాళం.
అన్న పోయాడు. లేతు మిషను ఉంది.
అది ఎవరిదో చెప్పే కాగితం లేదు.

గంగవరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి
వారసత్వ సర్టిఫికెట్ అక్కర్లేదు.
రేకుల సందుల్లోంచి దూరి
చక్ మీద, బెడ్ మీద, టూల్‌పోస్టు మీద
తన వాటా తను రాసుకుంటూ పోయింది.

మేం మాత్రం క్యూలో ఉన్నాం.
తాసిల్దారు ఆఫీసులో దేముడుబాబు,
బ్యాంకులో దేవుడు బాబు,
కరెంటు బిల్లులో ఒట్టి డి. బాబు.
ముగ్గురూ ఒక్కడేనని ప్రమాణపత్రం.
బతికుండగా ఇంటికే సరిగా దొరకని మనిషి
పోయాక ముగ్గురై మమ్మల్ని తిప్పాడు.

నామినీగా వదిన పేరుంది కదా అంటే
"నామినీ అంటే కాపలాయే మేడమ్, హక్కు కాదు"
అన్నాడు అద్దం వెనక కుర్రాడు,
చాలా మర్యాదగానే.
సత్యవేణి వదిన బస్సులో మద్దిలపాలెం దాకా మాట్లాడలేదు.
దిగేముందు అడిగింది:
"ఇరవయ్యొక్కేళ్లూ నాను సేసింది కాపలాయేనేటి?"

కొడుకు సొత్తులో తల్లికీ వాటా ఉందట,
ఆవిడ ఎన్నడూ అడగని వాటా.
రొయ్యల కంపెనీలో ఒలిచి ఒలిచి
అరిగిపోయిన బొటనవేలిని మిషను గుర్తుపట్టలేదు.
తుడిచి మళ్లీ పెట్టించారు. కొబ్బరినూనె రాసి మళ్లీ.
కోర్టులో సిరా పూసి మళ్లీ.
ఏడోసారో ఎనిమిదోసారో
అమ్మ వేలు వెనక్కి లాక్కుంది:
"నా కొడుకు సచ్చిపోనాడని
ఎన్నిసార్లు ఒప్పుకోవాల్రా?"

గుమాస్తా తలెత్తలేదు.

అందుకని ఈ ఆదివారం
జాబ్‌కార్డుల పుస్తకం వెనక పేజీల్లో
నాది నేను రాసుకుంటున్నాను.
స్టాంపు కాగితం కూడా అక్కర్లేదంది లాయరమ్మ.
ఇద్దరు సాక్షులు, నా ఎదట సంతకం, అంతే.
అంతేనా!
ఈ రెండు పేజీలేనా మా అన్న బాకీ పడింది?

షెడ్డులో నా సగం పుణ్యవతికి.
కాపలాకి కాదు, హక్కుగా.
కొత్త లేతు, దాని మీది అప్పుతో సహా ఝాన్సీకి;
అప్పు దాచిపెడితే దెయ్యమై తిరుగుతుంది.
వెర్నియర్ ఇర్ఫాన్‌కి.
వెంట్రుక తేడా వాడి కంటికే ఆనుతుంది.
తీసుకునేవాడు సాక్షి కాకపోతేనే మంచిదంటే
వాడు అలిగి టీ కూడా తాగలేదు.
పక్క షెడ్డు వెల్డరు యెర్రయ్య
కళ్లద్దాలు నుదుటికి నెట్టి
"సంతకం ఎక్కడ" అంటూ వచ్చాడు.
ఉండు, ఇంకా అవలేదన్నాను.

'నాకెవరూ ఏమీ బాకీ లేరు' అని రాశాను.
అన్న తీసుకున్న నలభై వేలు వదినకి తెలీదు.
మొత్తం కాగితంలో అదొక్కటే అబద్ధం.

అమ్మ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది.
తల్లికి ఇంత అని రాయడమంటే
ఆవిడ కంటే ముందు పోతానని
నా చేత్తో నేను రాయడం.
రాయకపోతే మళ్లీ ఆ వేలే, మళ్లీ ఆ సిరాయే.

రాశాను. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

క్యారేజీ పట్టుకొచ్చిన అమ్మ
గుమ్మంలోనే నిలబడి అడిగింది:
"దీనికీ నా ఏలు కావాలేటి?"

అక్కర్లేదమ్మా, అన్నాను.

అయినా
చెంగుతో తుడుచుకుంది,
ఏ మరకా లేని బొటనవేలిని.