పదిహేడో వరుస

లెర్విక్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
ఓస్లా గిఫర్డ్ నా బల్ల మీద
ఒక బిస్కెట్ డబ్బా పెట్టి
"మా చినాన్న మొత్తం ఇందులోనే ఉన్నాడండీ" అంది.

మూత రాలేదు.
ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది.
కవర్లు కోసే కత్తితో తెరిచాను.
కరెంటు బిల్లులు, గొర్రెల చెవిబిళ్ళల రశీదులు,
ఒక పడవలో మూడో వంతు వాటా పత్రం.
మిగతా రెండు వంతుల వాళ్ళూ
ఎప్పుడో కొండ మీది శ్మశానంలో
వాటాలు తీసుకున్నారు.

వీలునామా లేదు.
"రాయమని ఎన్నిసార్లు చెప్పానో" అంది.
అందరూ అదే అంటారు.
ఇరవై ఆరేళ్ళుగా ఈ కుర్చీలో కూచుని వింటున్నాను.

అడగవలసినవి అడిగాను.
పెళ్ళి? లేదు.
పిల్లలు? లేరు.
తోబుట్టువులు? మా నాన్న ఒక్కడే, ఆయనా లేడు.
అప్పులు?
ఓస్లా నవ్వింది.
పెట్రోలు బంకులో అర పౌండు తక్కువైతే
మంచులో నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి
ఇచ్చి వచ్చిన మనిషట.

మరి ఇదేమిటి?
బ్యాంకు కాగితాల్లో ప్రతి నెలా ఒకటో తారీఖున
ఇరవై పౌండ్లు,
నార్వేలో ఓలెసుండ్ అనే ఊరికి,
గున్‌వోర్ సోల్విక్ పేరుకి.
ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఒక్క నెలా తప్పలేదు.

పిల్లలు లేరన్న గడి దగ్గర
నా పెన్ను ఆగింది.
అనుమానం మా వృత్తిలో పడిశం లాంటిది,
మందుకు తగ్గదు.
ఓస్లా కిటికీలోకి చూస్తూ
చేతి తొడుగులు తొడిగింది, తీసింది, మళ్ళీ తొడిగింది.

ఉత్తరం రాశాను, మా పద్ధతిలో:
మృతుడు లోరీ గిఫర్డ్ మీకు వరుసకు ఏమవుతారు,
ఆయన నుంచి రావలసిన బాకీ ఏమైనా ఉందా,
ఉంటే ఆధారాలు జతచేయగలరు.

ఐదు వారాలు.
ఈలోగా గొర్రెలు అమ్ముడుపోయాయి.
పడవలో మూడో వంతు ఎవరికీ అక్కర్లేదు.
పక్కింటాయన ఎండుగడ్డి బాకీ అంటూ వచ్చి
టీ తాగి, బాకీ మాట మరిచిపోయి వెళ్ళాడు.

జవాబు వచ్చింది.
గడ్డకట్టిన నీటి మీద అడుగులేసినట్టు
జాగ్రత్తగా రాసిన ఇంగ్లీషు.

"అయ్యా, వరుసకు నేనేమీ కాను.
మా ఆయనా లోరీ ఒకే ట్రాలర్ మీద పనిచేశారు.
ఆ రాత్రి కాపలా వంతు లోరీది.
అతనికి జ్వరమని మా ఆయన నిలబడ్డాడు.
పెద్ద తుఫాను కూడా కాదు. ఒక్కటే అల.
నాకేమీ బాకీ లేవని మూడుసార్లు రాశాను.
జవాబుగా డబ్బే వచ్చేది.
అందులో ఒక్క క్రోనూ ముట్టలేదు, విడిగా ఉంచాను.
ఎవరికి తిప్పి పంపాలో చెప్పగలరు."

ఏడువేల నాలుగు వందల నలభై పౌండ్లు.
ఆస్తుల జాబితాలో పదిహేడో వరుసగా టైపు చేశాను.
చట్టం గుర్తొచ్చి చెరిపేశాను.
ఇచ్చింది ఇచ్చినట్టే, ఆ డబ్బు ఆమెదే.
ఓస్లాకీ ఆ మాటే చెప్పాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
"చిన్నప్పుడు ఆయన కోటు వాసన చూసేదాన్ని" అంది,
దానికీ దీనికీ సంబంధం లేకుండా.
తర్వాత,
"డబ్బు వద్దని రాయండి.
ఆ ఉత్తరం మాత్రం నాకివ్వండి."

అసలు ప్రతి ఫైల్లో ఉండాలి, అది నియమం.
నకలు ఫైల్లో పెట్టాను.

వారానికి షెరీఫ్ కోర్టు గుమాస్తా ఫోను.
"మీ జాబితాలో పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది.
మధ్యలో ఏదో పోయినట్టుంది."

పోయింది నిజమే, అన్నాను.

అంకెలు సరిచేసి మళ్ళీ పంపాను.
ఆ పావుగంటకు బిల్లు వేయలేదు.